పేర్ల పద్దు



అమరకోశమును వల్లించినవారు ఈ దినములలో తక్కువైనను, ఆ గ్రంథమున నామములు కూర్పబడిన విధము నెఱిగినవారు తెలుగుదేశమున ఇంకను కలరు. అమరసింహుడు పేర్లను అక్షరక్రమమున పేర్చలేదు. గ్రంథమును మూడు కాండములు చేసి, కాండములను వర్గములుగా విడదీసి, స్వర్గవర్గమున దేవతల పేర్లను, పురవర్గమున ఇండ్లు వాకిండ్ల పేర్లను, వనౌషధివర్గమున చెట్టుచేమల పేర్లను చేర్చెను. పేర్లు పది యున్నప్పుడు నోట నుంచుకొనవచ్చును. వేలైనప్పుడు వానికొక యిల్లు కట్టక తప్పదు. ఈ సంగతియే ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికా పండితులకు మరల నొకమారు తెలిసివచ్చినది. ఆ చరిత్రను, దాని వెంట వచ్చిన యొక చిక్కును నేడు మనవిచేసెదను.

ఇంటర్నెట్టున చేరిన ప్రతి కంప్యూటరునకును ఒక సంఖ్య కలదు. యంత్రములు ఒండొంటిని ఆ సంఖ్యతోడనే పిలుచుకొనును. తపాలావానికి ఇంటి నంబరు కావలెను. చుట్టమునకు పెద్దవేపచెట్టు ప్రక్క యిల్లన్న చాలును. మనమందఱమును ఈ విషయమున చుట్టముల జాతివారమే. కావున సంఖ్యకు పేరును జతపఱచు పట్టిక యొకటి కావలసివచ్చెను. ఆ పేరునే నేడు డొమైన్ పేరు అనుచున్నారు. డొమైనన్నచో ఏలుబడి, ఒకని అధీనమందున్న సీమ. పేరునకును ఏలుబడికిని సంబంధమేమో కొంచెము తాళి చెప్పెదను.

1969లో అమెరికా రక్షణశాఖవారి ధనముతో ఆర్పానెట్టు అను వల నాలుగు స్థలముల నడుమ మొదలైనది. దాని సమాచారకేంద్రము కాలిఫోర్నియాలో మెన్లో పార్కు అను నూర స్టాన్‌ఫర్డ్ రిసెర్చి ఇన్‌స్టిట్యూటున నుండెను. 1972లో ఆ కేంద్రమున చేరి, పిమ్మట దానికి అధిపతియై 1989 వఱకు నడపిన విదుషి ఎలిజబెత్ ఫైన్లర్. ఆమె చదివినది రసాయనశాస్త్రము. అంతకుముందు ప్రపంచమందలి రసాయనపదార్థములకు సూచిక కూర్చు సంస్థలో పనిచేసినది. పేర్ల పట్టిక ఆమె చేతికి వచ్చుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, అంతకంటె తగిన చేయి దొరకుట కష్టము.

ఆ కార్యాలయమున హోస్ట్స్ అను పేరుగల ఒకే యొక ఫైలుండెను. వలలోని యంత్రముల పేర్లన్నియు దానిలోనే. క్రొత్తగా యంత్రమును నెలకొల్పినవారు ఆ కార్యాలయమునకు వ్రాసియో, కాలిఫోర్నియా పనివేళలు చూచుకొని టెలిఫోనుచేసియో, పేరు కోరవలెను. ఆ పేరు అంతకుముందు వేఱొకరికి ఈయబడలేదని చూచి అచ్చటివారు చేర్చెదరు. తక్కిన చోట్లవారందఱును ఆ పట్టికను ఎప్పటికప్పుడు తెప్పించుకొని నకలుంచుకొనవలెను. ఇంతే యేర్పాటు. నేటివారు విని నవ్వుదురు. నాకు మాత్రము దీనియందు గౌరవము కలదు. ఫలాని పేరునకు జవాబుదారి ఎవరని అడిగినచో, చూపుటకొక బల్లయు, ఆ బల్ల వెనుక నొక మనుష్యుడును ఉండిన కాలమది.

కాని వల పెరిగినది. 1981 ఆగస్టున 213 యంత్రములుండగా, 1983 ఆగస్టునకు 562 అయినవి. 1984 అక్టోబరునకు 1,024. 1987 డిసెంబరునకు 28,174. ప్రతి యంత్రమును పట్టికనంతయు దిగుమతి చేసికొనుచుండ, పట్టిక యానాడానాటికి దీర్ఘమగుచుండ, వలయొక్క శక్తి పట్టికను మోయుటకే వ్యయమగు స్థితి వచ్చినది. రెండుచోట్లవారు ఒకే పేరు ముచ్చటపడుటయు, ఒకచోట నకలు క్రొత్తదియు వేఱొకచోట పాతదియు నగుటయు మామూలైనవి.

దీనికి మార్గము చూపినవాడు పాల్ మొకపెట్రిస్. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన సమాచారశాస్త్ర సంస్థలో జాన్ పోస్టెల్ అను గడ్డపు పెద్దమనిషి క్రింద ఆయన పనిచేయుచుండెను. అప్పటికి వచ్చిన అయిదు సూచనలను పొందుపఱచి ఒక దారి చూడుమని పోస్టెల్ కోరగా, మొకపెట్రిస్ ఆ యైదింటిని ప్రక్కనుంచి ఆఱవదానిని తానే కల్పించెను. 1983 నవంబరున అది ప్రకటితమైనది. దాని మర్మమిది. పట్టిక ఒకచోట నుండనక్కఱలేదు. చెట్టునకు మొదలు, బోదె, కొమ్మ, రెమ్మ యున్నట్లు పేరునకును అంతరువులుండును. మొదటనున్నవానికి కొమ్మలు తెలియును, రెమ్మలు తెలియనక్కఱలేదు. రెమ్మల సంగతి కొమ్మ నడుగవలెను. ప్రతి కొమ్మయు ఒకరి యేలుబడి. తన క్రింది పట్టికను ఆ యేలికయే వ్రాసికొనును. డొమైనను మాట ఇట్లు సార్థకమైనది. ఇది అమరుని కాండవర్గవిభాగము వంటిదే; కాని ఒక్క భేదము. అమరుడు అన్ని వర్గములను తానే వ్రాసెను. ఇచ్చట వర్గమునకొక అమరుడు కావలెను.

1984 అక్టోబరున పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ అను వారిరువురు పెద్దకొమ్మలను నిర్ణయించిరి. ప్రభుత్వమునకు గవ్, విద్యాలయములకు ఎడు, సైన్యమునకు మిల్, వాణిజ్యమునకు కామ్, తక్కిన సంస్థలకు ఆర్గ్. ఇవిగాక దేశదేశమునకును రెండేసి యక్షరములు. 1985 మార్చి 15వ తేదీన సింబాలిక్స్ అను కంప్యూటర్ల కంపెనీ డాట్‌కామ్ క్రింద మొదటి పేరు వ్రాయించుకొన్నది.

ఆ 1984లోనే మన రాష్ట్రమున కరణము మునసబుల ఉద్యోగములు రద్దయినవి. రెంటికిని ఎట్టి సంబంధమును లేదు. అయినను, గ్రామపులెక్క ఒకరి చేతినుండి తొలగినపుడు ఏ కాగితము ఎవరి యింటనున్నదో తెలియక తిరిగిన రైతులను చూచినవారికి, నేను చెప్పబోవునది సులభముగా బోధపడును. ఫైన్లర్ కార్యాలయము మోసిన భారము మాయము కాలేదు. అది ముక్కలై, పేరుగల ప్రతివాని నెత్తిమీదికిని వచ్చినది. పేరు చేతికి వచ్చినపుడు భారమును వచ్చినదని చాలమంది తెలిసికొనలేదు. తరువాతి నలువదేండ్ల చరిత్రయంతయు ఈ తెలిసికొనకపోవుటయొక్క చరిత్రయే.

మొదట పేర్లు ఉచితము. 1994 మార్చిలో పోస్టెల్ ప్రకటించిన యొక పత్రమున ఇట్టి భావము కలదు: డొమైనులను గూర్చి హక్కు, స్వామిత్వము అని మాటాడుట తగదు, బాధ్యత, సేవ అని మాటాడవలెను. ఆయన చెప్పినది ముఖ్యముగా పెద్దకొమ్మలను నడపువారికి. అయినను ఆ వాక్యము ప్రతి పేరునకును వర్తించునని నా అభిప్రాయము. లోకము మాత్రము వేఱొక దారి పట్టినది. అదే సంవత్సరమున ఒక పత్రికారచయిత మెక్‌డొనాల్డ్స్ అను ప్రసిద్ధ భోజనశాలల పేరును డాట్‌కామ్ క్రింద తానే వ్రాయించుకొని, ఆ కంపెనీవారికి ఫోనుచేసి, మీకీ పేరు కావలెనా యని అడిగిన కథను ప్రచురించెను. తుదకు ఆ కంపెనీవారు ఒక పాఠశాలకు యంత్రసామగ్రి సమకూర్చి పేరు పుచ్చుకొనిరి. పేరునకు వెల కలదని అందఱకును తెలిసినది. 1995 సెప్టెంబరు నుండి నెట్‌వర్క్ సొల్యూషన్స్ అను కంపెనీ, ప్రభుత్వానుమతితో, రెండేండ్లకు 100 డాలర్లును, అటుపై ఏటికి 50 డాలర్లును రుసుము పెట్టినది.

ఈ రుసుమును చూచి పలువురు పేరు కొన్నామనుకొనిరి. కొనలేదు, కౌలునకు పుచ్చుకొనిరి. నేటికిని డాట్‌కామ్ పేరును ఒక్కమాఱుగా పదియేండ్లకు మించి వ్రాయించుకొనుట లేదు. గడువు తీరినచో పొలము మరల వేలమునకు వచ్చును. పోగొట్టుకొనుటకు దొంగ యక్కఱలేదు, మఱపు చాలును.

అయినను దొంగ కథయే ముందు చెప్పెదను. 1994లో గ్యారీ క్రెమెన్ అను నాతడు ఒక పేరు వ్రాయించెను. ఆ పేరును పెద్దలు వినుచున్న ఈ ప్రసంగమున నుచ్చరింపను; అది మిక్కిలి వెలగలదని మాత్రము చెప్పుదును. 1995 అక్టోబరున స్టీఫెన్ కోహెన్ అను నాతడు క్రెమెన్ సంస్థ వ్రాసినట్లుగా ఒక దొంగయుత్తరము సృష్టించి, ఆ పేరును వారు వదలుకొన్నారని తెలిపి, తన పేరున మార్పించుకొనెను. రిజిస్ట్రారు కంపెనీవారు క్రెమెనును ఒక్కమాట అడుగలేదు. వ్యాజ్యము జరిగినది. 2000లో పేరు తిరిగివచ్చినది. 2001లో న్యాయస్థానము 6 కోట్ల 50 లక్షల డాలర్లు ఇప్పింపుమన్నది. ప్రతివాది దేశము విడిచి పోయెను. 2003లో అమెరికా అప్పీలు న్యాయస్థానము ఈ వ్యవహారమునందే డొమైన్ పేరును ఆస్తిగా నంగీకరించి తీర్పుచెప్పినది. పోస్టెల్ అప్పటికి లేడు. 1998 అక్టోబరులోనే గతించెను. ఆస్తి కాదన్న ఆయన మాటయు, ఆస్తియే యన్న న్యాయాధిపతుల మాటయు నాకు విరుద్ధముగా తోపవు. దేవాలయపు మాన్యము నడుగుడు: అది ఆస్తియే, అయినను దీపము వెలుగుచున్నంతవఱకే.

ఇక మఱపు కథ. 1999 డిసెంబరు, క్రిస్మసు పండుగ. మైక్రోసాఫ్టువారి హాట్‌మెయిల్ తపాలా పలువురికి తెఱచుకొనక పోయినది. లోనికి పోవువారిని గుర్తించు పనికి వారు పాస్‌పోర్ట్ డాట్‌కామ్ అను వేఱొక పేరును వాడుచుండిరి. ఆ పేరునకు సంవత్సరపు రుసుము చెల్లింపబడలేదు. టెనెసీ రాష్ట్రమందలి ఒక ప్రోగ్రామరు కారణము కనిపెట్టి, తన సొంతకార్డు మీద 35 డాలర్లు చెల్లించెను, తలుపు తెఱచుకొన్నది. ఆ కంపెనీకి 35 డాలర్లు లేకపోలేదు. ఆ పేరు ఏ పద్దులో, ఎవని లెక్కలో నున్నదో ఆ దినమున చూచువాడు లేడు. ఇచ్చట గమనింపవలసినది మఱియొకటి కలదు. అందఱు నెఱిగిన పేరు భద్రముగనే యున్నది. దాని వెనుకనున్న, ఎవరును తలంపని పేరు జాఱినది. జాఱునవి ప్రాయికముగా అట్టివే.

ఇట్టి మఱపులు పెక్కగుటచేత 2003 నుండి డాట్‌కామ్ వంటి పెద్దకొమ్మలలో నొక దయాకాలము ఏర్పడినది. గడువు తీరిన పేరును 45 దినముల వఱకు రిజిస్ట్రారు మామూలుగా పునరుద్ధరింపవచ్చును. పిమ్మట 30 దినములు హెచ్చు రుసుముతో విడిపించుకొనవచ్చును. ఆపైన అయిదు దినములు పేరు ఎవరికిని అందదు. ఆఱవనాడు ఎవరు ముందు పట్టిన వారిది. ఆ యుదయమునకై యంత్రములు పెట్టుకొని కాచుకొనియుండు వ్యాపారులు కలరు.

నేనెఱిగిన యొక పట్టణమున పూర్వవిద్యార్థి సంఘమొకటి యుండెను. పాఠశాల షష్టిపూర్తినాటి చిత్రములు, గతించిన యుపాధ్యాయుల జీవితసంగ్రహములు ఒక డొమైన్ పేరు క్రింద చేర్చి పెట్టిరి. పేరు వ్రాయించినది ఒక ఉత్సాహవంతుడైన యువకుడు. వ్రాయించినది తన సొంత ఈమెయిలు మీద. అతడు ఉద్యోగమునకై దూరదేశము పోయెను. ఆ ఈమెయిలు వాడుట మానెను. గడువు హెచ్చరికలన్నియు ఆ పాడుపడిన పెట్టెలోనే పడినవి. దయాకాలమును గడచినది. పిమ్మట ఆ పేరు తెఱచినవారికి జూదపు ప్రకటనలు కనబడినవి. సంఘమున డబ్బుండినది, సభ్యులుండిరి, అధ్యక్షుడుండెను. పద్దు లేదు.

దొంగతనమునకును మఱపునకును నడుమ మఱియొకటి కలదు. అది మౌనమును అంగీకారముగా నెంచుట. 2004 నవంబరున, ఒక రిజిస్ట్రారు నుండి మఱియొక రిజిస్ట్రారునకు పేరు మార్చు నియమములు సవరింపబడినవి. అయిదు దినములలో అభ్యంతరము చెప్పనిచో మార్పు జరిగిపోవును. 2005 జనవరిలో న్యూయార్కునందలి ప్యానిక్స్ అను పాతసంస్థ పేరు, వారికి తెలియకయే, వారాంతమున ఆస్ట్రేలియాలోని రిజిస్ట్రారు క్రిందికి మాఱినది. వారి ఖాతాదారుల తపాలాయంతయు రెండు దినములు పరాధీనమైనది. ఈ బాధ తప్పించుటకు లాక్ అను తాళమొకటి కలదు. వేసియుంచినచో మార్పు సాగదు. నూఱు పేర్లున్నవాడు తొంబదితొమ్మిదింటికి తాళము వేసితినని సంతోషించుట కూడదు.

నూఱు పేర్లన్నాను గదా. ఇక పేర్ల గుంపుల చరిత్రకు వత్తము. సబ్బులు మొదలగు సరకులు చేయు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ 1995 ప్రాంతమున, ముందుముందు పనికివచ్చునని తలచి, దప్పిక, పడిసెము వంటి సామాన్యపదములను పెక్కింటిని డాట్‌కామ్ క్రింద వ్రాయించుకొని, 2000లో నూటికి పైబడిన పేర్లను అమ్మకమునకు పెట్టినది. అంతకంటె గొప్ప గుంపు వేఱొకటి. గడువు తీరిన పేర్లను పట్టి, వానిపై ప్రకటనల నుంచి, లక్షకు పైబడిన పేర్లను కూర్చినవాని భాండారమును సియాటిల్ నగరపు మార్చెక్స్ కంపెనీ 16 కోట్ల 40 లక్షల డాలర్లకు కొనుటకు 2004 నవంబరున ఒడంబడినది. 2015లో అదే కంపెనీ సుమారు రెండు లక్షల పేర్లను గోడాడీ కంపెనీకి 2 కోట్ల 81 లక్షల డాలర్లకు అమ్మినది. నడుమ కొన్నింటిని విడివిడిగా నమ్మియుండిరి; మంచివి ముందే పోయియుండవచ్చును. అయినను ఈ రెండు మొత్తములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, పేర్లను కుప్పపోయుటయే సంపద కాదని తెలియుచున్నది. 2004లో డాట్‌కామ్ పేరునకు రిజిస్ట్రీవారి టోకు రుసుము ఏటికి 6 డాలర్లు. లక్ష పేర్లున్నచో, ఒక్కటియు అమ్ముడుపోకున్నను, ఏటికి 6 లక్షల డాలర్లు చెల్లింపక తప్పదు.

కాబట్టి పెద్దభాండారములవారు క్రమముగా కరణమువిద్య నేర్చిరి. పేర్లన్నిటికిని ఒకే పద్దు. ప్రతి పేరునకును ఒక పంక్తి. ఆ పంక్తిలో రిజిస్ట్రారు ఎవరు, ఎవరి పేర నున్నది, గడువు ఎన్నడు, రుసుము ఏ ఖాతానుండి పోవును, తాళము కలదా, దానిని చూపు సర్వరు ఏది అని యుండును. వీనికంటె నేను మెచ్చునది, సాధారణముగా జనులు వ్రాయని ఒక గడి: ఈ పేరును ఎందుకు ఉంచుకొన్నాము? జవాబును బట్టి పేర్లు నాలుగు తెగలగును. నిజముగా వాడుకలో నున్నవి. పరులు వాడి మోసగింపకుండ అడ్డుగా నుంచినవి, అనగా అక్షరదోషపు రూపములు మొదలైనవి. రేపటి పనికై దాచినవి. కారణము మఱపునకు వచ్చినవి. నాలుగవ తెగయే నిప్పు. ఆ తెగలో పాస్‌పోర్టులుండును.

ఇంకను కొన్ని చిన్న జాగ్రత్తలు కలవు. గడువులన్నియు పలు నెలలలో చెదరియున్నచో ఒకే నెలకు తెచ్చుకొనుట. హెచ్చరికలు ఒక్క మనుష్యునికి గాక సంస్థయొక్క పెట్టెకు వచ్చునట్లు చేయుట. ఆ పెట్టె కూడ అదే డొమైన్ పేరు మీద నుండకుండ చూచుట. లేనిచో పేరు పోయినపుడు హెచ్చరికయు దానితోడనే పోవును. బావిలో పడినవాని చేతిలోనే చేద యున్నట్లగును. రిజిస్ట్రారులు పదిమంది యున్నచో ఇద్దఱికి తగ్గించుట మంచిది. ఒక్కనికి తగ్గించుట మంచిదా కాదా యని వాదము కలదు. 2007లో రిజిస్టర్‌ఫ్లై అను రిజిస్ట్రారు చెడిపోయి, పేర్లనధికరించు ఐకాన్ సంస్థవారు దాని యధికారమును తీసివేసినపుడు, లక్షల పేర్లు దిక్కులేక నిలిచి, తుదకు వేఱొకరికి అప్పగింపబడినవి. ఆ కలతలో సొంత పద్దు గలవాడు ఇది నాదని కాగితము చూపగలిగియుండును.

పేర్లు పెంచుట మంచిదా? 2017 సెప్టెంబరున అమెరికాలోని ఎక్విఫాక్స్ కంపెనీ, తన యొద్దనుండి కోట్లజనుల వివరములు దొంగిలింపబడిన పిమ్మట, ఆ జనులకు సమాచార మిచ్చుటకు తన పాతపేరు క్రింద నొక రెమ్మ వేయక, ఎక్విఫాక్స్, సెక్యూరిటీ, 2017 అను మాటలను గ్రుచ్చి క్రొత్తపేరు వ్రాయించినది. ఒక నిపుణుడు ఆ మాటలనే తాఱుమాఱుచేసి, ఇది యెంత ప్రమాదమో చూపుటకు మఱియొక పేరు వ్రాయించెను. కంపెనీ ఉద్యోగులే పొరపడి ఖాతాదారులను ఆ రెండవ దానికి పంపిరి! చెట్టునకు కొమ్మలుండగా ప్రక్కన క్రొత్తమొక్క నాటిన ఫలమిది. పాతపేరు క్రింద ఎన్ని రెమ్మలనైనను రుసుము లేక వేసికొనవచ్చును. మొకపెట్రిస్ చేసిన యుపకారమును వాడుకొనక పోవుట నాకు వింతగా తోచును.

మఱి, అక్కఱలేనివి వదలవచ్చునా? అదియు తేలిక కాదు. మోబీ అను కొమ్మను నడపువారు తమ సమాచారసేవకు వాడిన యొక పేరును మార్చుకొని, పాతదానిని 2023 డిసెంబరున గడువు తీరనిచ్చిరి. 2024లో కొందఱు పరిశోధకులు దానిని 20 డాలర్లకు పుచ్చుకొని చూడగా, 1,35,000కు మించిన యంత్రములు ఆ పాతవాకిటికే వచ్చి ప్రశ్నలడుగుచుండెను. ఇల్లు ఖాళీచేసినవారు చిరునామా మాఱినదని తపాలావానికి చెప్పవలెను. ఇచ్చట ఎందఱు తపాలావాండ్రున్నారో ఇంటివారికే తెలియదు. ఒకమాఱు జనసమ్మతమైన పేరును వాడుక మానినను, చాలయేండ్లు రుసుము చెల్లించుచు నుంచుటయే క్షేమము.

మనదేశపు కొమ్మ ఇన్. 1989లో ఇది మనకు లభించినది. కఠిననియమములచేత 2004 వఱకు దాని క్రింద సుమారు 7,000 పేర్లే యుండెను. 2005లో నియమములు సడలి, నిక్సీ సంస్థ చేతికి వచ్చిన పిమ్మట పెరిగినది. పేరుపై మనదేశపు పెద్దతీర్పు ఒకటి 2004 మే నెలలో వచ్చినది. హైదరాబాదున పుట్టిన సత్యం కంప్యూటర్సువారి శాఖయైన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని కొన్ని యక్షరములు కలిపి సిఫీ అను మాట కల్పించుకొన్నది. బెంగుళూరున మఱియొకరు సిఫ్ఫీనెట్టు అని పెట్టుకొనిరి. క్రింది న్యాయస్థానము ఒకరీతిని, ఉన్నతన్యాయస్థానము వేఱొకరీతిని చెప్పగా, సుప్రీముకోర్టు డొమైన్ పేరు వ్యాపారచిహ్నము వలెనే రక్షణార్హమని తేల్చి సత్యమువారి పక్షమున తీర్పిచ్చినది.

ఇటీవలి సంగతి హైదరాబాదునకు మఱింత దగ్గఱ. బ్యాంకుల పేర్లను పోలిన పేర్లతో జనులను మోసగించుట హెచ్చగుటచే, బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31 లోపల బ్యాంక్ డాట్ ఇన్ అను కొమ్మ క్రిందికి మాఱవలెనని రిజర్వుబ్యాంకు 2025 ఏప్రిలున ఆజ్ఞాపించినది. ఆ కొమ్మ క్రింద పేర్లు వ్రాయు అధికారము హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. అను సంస్థకు మాత్రమే ఈయబడినది. బ్యాంకు గానివారికి ఆ తలుపు తెఱువబడదు. ఇది, ఆలోచించినచో, మెన్లో పార్కు బల్ల మరల వచ్చుటయే. 2024 చివర లోకమున 36 కోట్లకు పైబడిన డొమైన్ పేర్లుండగా, జనుల ధనమున్నచోట మాత్రము ఒక మనుష్యుడు చూచి వ్రాయు పట్టిక మరల కావలసివచ్చినది. నాకిది తిరోగమనముగా తోపదు. బ్యాంకులకు మాత్రము పని యింకను తీరలేదు: పాతపేర్లను విడువరాదు. మోబీవారి పాతవాకిలిని తలంచుకొనుడు. బ్యాంకు విడిచిన వాకిట నిలుచువాడు పరిశోధకుడే యగునని ఎవరు చెప్పగలరు?

కడపట మన లిపి సంగతి. భారత్ అను కొమ్మ తెలుగు లిపితో సహా పలు భారతీయలిపులలో 2011లో మూలపట్టికను చేరినది. ఇప్పుడు తెలుగక్షరములతోడనే డొమైన్ పేరు వ్రాసికొనవచ్చును. యంత్రములు లోపల దానిని ఎక్స్, ఎన్ అను అక్షరములతో మొదలగు నొక రోమను సంకేతముగా మార్చుకొనును. కావున తెలుగుపేరు గలవాడు తన పద్దున ఆ సంకేతమును కూడ వ్రాసియుంచవలెను, లేనిచో రిజిస్ట్రారు పంపిన లెక్కలో తన పేరును తానే గుర్తింపలేడు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మన సోదరలిపితో వచ్చినది. తెలుగు కన్నడములు ఒకే బోదె నుండి చీలిన కొమ్మలని శాసనములు చదివినవారెఱుగుదురు. గ, ద, న, ర, ల, సున్న మొదలగునవి తలకట్టు వంపు దప్ప రెండింట నొకటియే. నగరం అను మాటను తెలుగున నొకడు, కన్నడమున నొకడు వ్రాయించినచో కంటికి రెండును ఒకటే, యంత్రమునకు మాత్రము వేఱువేఱు. మూలపట్టికకు సంబంధించి 2019లో స్థిరపడిన నియమములలో ఇట్టి తెలుగు కన్నడ రూపములను ఒకదానికొకటి ప్రతిరూపములుగా నెంచిరి; ఒకటి ఒకరికి ఈయబడినచో రెండవది వేఱొకరికి పోదు. ఆ నియమము మొదటి యంతరువునకే. క్రిందియంతరువులలో ఎవరి కొమ్మకు వారే నియమకర్తలు. తెలుగున పేరు పెట్టుకొను సంఘములును, పత్రికలును, గ్రంథాలయములును తమ పద్దునందు అడ్డుగా నుంచవలసిన పేర్ల గడిలో మొదట చూడవలసినది ఆ కన్నడరూపమునే.